పిచ్చుక గురించి కూడా ప్రశ్న ఉంటుంది

భూమిపై నడిచే ప్రతి జంతువూ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనలాంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ (అల్ అన్ఆమ్ - 38) తెలియజేస్తోంది. చివరికి అవన్నీ తమ ప్రభువు సన్నిధిలోనే సమీకరించబడతాయని కూడా అదే ఆయత్ చెబుతోంది.

సోదర సోదరీమణులారా! ఈ ఆయత్‌ను మనం ఎన్నోసార్లు చదివాం, విన్నాం. అయినా సముదాయం అనగానే మన మనసులో మెదిలేది మనుషులే. మన చూరు కింద గడ్డిపరకలు పోగుచేసుకునే పిచ్చుక కూడా ఒక సముదాయానికి చెందినదేనన్న సంగతి గుర్తుకు రాదు. దానికీ ఒక జీవన విధానం ఉంది. దాని ఉపాధికి బాధ్యత వహించే ప్రభువున్నాడు. దాని విషయంలో మనల్ని నిలదీసి అడిగేవాడూ ఆయనే.

ఇంత పెద్ద ధర్మంలో పిచ్చుక గురించి మాట్లాడుకోవలసింది ఏముంటుందని కొందరికి అనిపించవచ్చు. హదీసు గ్రంథాలు తెరిచి చూస్తే ఆ సందేహం ఉండదు. జ్ఞానం గురించి, ఓర్పు గురించి, దైవంపై నమ్మకం గురించి, ప్రళయదినాన జరిగే విచారణ గురించి మనకు బోధించిన చోట్ల ఈ చిన్న పిట్ట, లేదా దానిలాంటి మరో పిట్ట, కనిపిస్తూనే ఉంటుంది.

చిన్నతనానికి మరో పేరు

మన తెలుగులో పిచ్చుక అంటేనే చిన్నది, బలం లేనిది అని అర్థం. బలహీనుడి మీద బలవంతుడు విరుచుకుపడితే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటాం. పిల్లలు తడి ఇసుకలో పాదం పెట్టి కట్టే గూళ్ళను పిచ్చుక గూళ్ళంటాం. ఒక్క తన్నుతో కూలిపోయే ఆశలకూ అదే మాట వాడతాం. ఊళ్ళో మనుషుల మధ్యే బ్రతుకుతుంది కాబట్టి దీనికి ఊరపిచ్చుక అని పేరు. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడే పెద్దలు చిడియా అంటారు. ఫార్సీలో గుంజిష్క్, అరబీలో ఉస్‌ఫూర్.

ఈ చిన్నతనాన్నే కవులు కూడా తీసుకున్నారు. అల్లామా ఇక్బాల్ కవిత్వంలో డేగ ఆత్మగౌరవానికి గుర్తు. అదే కవి పిచ్చుకను అణగారిన సామాన్యుడికి గుర్తుగా నిలిపి, దానికి డేగను ఎదిరించే ధైర్యం రావాలని ఆశించారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు ఫరీదుద్దీన్ అత్తార్ రాసిన మన్తిఖుత్ తైర్‌లో పక్షులన్నీ తమ రాజును వెతుక్కుంటూ ప్రయాణానికి సిద్ధమవుతాయి. అందులో ఒక చిన్న పిట్ట తాను బలహీనురాలినని, అంత దూరం ఎగరలేనని చెప్పుకుంటుంది. దారి చూపే హుద్‌హుద్ పక్షి ఆ సాకును ఒప్పుకోదు. దేవుని వైపు నడవడానికి బలహీనత అడ్డు కాదన్నది అక్కడి నీతి.

కవులు చిన్నదాన్ని పెద్దదిగా చూపించారు. మన ప్రవక్త (స) బోధనలు మరో మెట్టు ముందుకు వెళ్ళాయి. ఆ చిన్నదానికి మన మీద హక్కు ఉందని చెప్పాయి.

సముద్రంలో ఒక ముక్కెడు నీరు

హజ్రత్ మూసా (అలై), హజ్రత్ ఖిజ్ర్ (అలై)ల వృత్తాంతం సూరె కహఫ్‌లో ఉంది. దాని వివరం హజ్రత్ ఉబై బిన్ కాబ్ (ర) ద్వారా సహీహ్ బుఖారీలో ఉల్లేఖించబడింది. ఇస్రాయీల్ సంతతి ముందు మూసా (అలై) ప్రసంగిస్తుండగా ఒకరు, ప్రజలందరిలో ఎక్కువ జ్ఞానం గలవారెవరని అడిగారు. ఆయన తానేనన్నారు. ఆ జ్ఞానం అల్లాహ్‌కే తెలుసని అనలేదు. అందుకు అల్లాహ్ ఆయనను మందలించి, తన మరో దాసుని దగ్గరికి పంపాడు.

ఇద్దరూ పడవలో వెళుతుండగా ఒక పిచ్చుక వచ్చి పడవ అంచు మీద వాలింది. సముద్రంలో ముక్కు ముంచి నీళ్ళు తాగింది. అప్పుడు ఖిజ్ర్ (అలై), నీ జ్ఞానమూ నా జ్ఞానమూ కలిపినా అల్లాహ్ జ్ఞానం ముందు ఈ పిచ్చుక సముద్రం నుంచి తీసుకున్న నీటిపాటిదేనన్న భావం వచ్చేలా చెప్పారు.

ఆలోచించండి! అల్లాహ్‌తో సంభాషించే భాగ్యం పొందిన మహాప్రవక్త ఒకరు, ప్రత్యేక జ్ఞానం పొందిన దాసుడు మరొకరు. వారిద్దరికీ కొలబద్దగా వచ్చింది ఒక పిచ్చుక. నాలుగు పుస్తకాలు చదివామని, నాలుగు ప్రసంగాలు విన్నామని మనం ఇతరుల విశ్వాసానికి మార్కులు వేస్తుంటాం. ఈసారి నీళ్ళ తొట్టి అంచున పిచ్చుక కనిపిస్తే దాని ముక్కుకు ఎంత నీరు అంటిందో చూడండి. మనకు తెలిసింది అంత కూడా లేదు.

అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట

హజ్రత్ అనస్ (ర) తల్లి ఉమ్ము సులైమ్ (ర). ఆమెకు హజ్రత్ అబూ తల్హా (ర) ద్వారా ఒక చిన్న కొడుకు ఉండేవాడు. అతన్ని అబూ ఉమైర్ అని పిలిచేవారు. పిచ్చుకలాంటి ఒక చిన్న పిట్టతో అతను ఆడుకునేవాడు. దాని పేరు నుగైర్. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా పిల్లవాణ్ణి పలకరించి నవ్వించేవారు. ఒకరోజు వచ్చేసరికి పిల్లవాడు దిగులుగా ఉన్నాడు. కారణం అడిగితే అతని పిట్ట చనిపోయిందన్నారు. అప్పుడు ప్రవక్త (స) ఆ బిడ్డను పెద్దమనిషిని పిలిచినట్లు అబూ ఉమైర్ అని పిలిచి, నీ నుగైర్ ఏమైందని అడిగారు. ఉమైర్, నుగైర్ అన్న రెండు మాటలూ ప్రాస కలిసి పిల్లవాడి చెవికి ఇంపుగా ఉంటాయి. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం, అబూ దావూద్ గ్రంథాల్లో ఉంది.

ఒక సమాజాన్ని నిర్మించే పని, యుద్ధాలు, ఒప్పందాలు, వచ్చిపోయే రాయబారులు. ఇన్ని బాధ్యతల మధ్య ఒక పసివాడి పిట్ట గురించి అడగడానికి ప్రవక్త (స) తీరిక చేసుకున్నారు. హిజ్రీ నాలుగో శతాబ్దానికి చెందిన షాఫయీ పండితుడు ఇబ్నుల్ ఖాస్ ఈ ఒక్క హదీసు నుంచి అరవై ప్రయోజనాలను వెలికితీసి ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రాశారు. చిన్నపిల్లల్ని గౌరవంగా పిలవడం, వారితో సరదాగా మాట్లాడటం, హింసించకుండా మేత, నీరు ఇస్తూ ఉంటే పిల్లవాడు పిట్టను పెంచుకోవడానికి అనుమతి ఉండటం వంటివి ఆ పాఠాల్లోనివే.

ఈ కథ ఇక్కడితో ఆగలేదు. హదీసు పండితుల వివరణ ప్రకారం, తర్వాత జబ్బుచేసి చనిపోయిన అబూ తల్హా (ర) కుమారుడు ఈ అబూ ఉమైరే. బిడ్డ ప్రాణం పోయినప్పుడు తండ్రి ఇంట్లో లేడు. ఆయన వచ్చి బిడ్డ ఎలా ఉన్నాడని అడిగితే, మునుపటికంటే నెమ్మదిగా ఉన్నాడని ఉమ్ము సులైమ్ (ర) చెప్పారు. భోజనం పెట్టారు. తర్వాత ఒక ప్రశ్న అడిగారు. ఎవరైనా మనకు ఒక వస్తువు ఎరువిచ్చి తిరిగి అడిగితే ఇవ్వకుండా ఉండగలమా అని. ఉండలేమని భర్త అన్నాక, అయితే మీ కుమారుడి విషయంలో ప్రతిఫలాన్ని ఆశించి ఓర్పు వహించండని చెప్పారు. మరునాడు సంగతి తెలుసుకున్న ప్రవక్త (స) ఆ దంపతుల కోసం శుభాన్ని వేడుకున్నారు. వారికి అబ్దుల్లా అనే కుమారుడు పుట్టాడు. ఆయన సంతానంలో తొమ్మిదిమంది ఖుర్ఆన్ చదువరులయ్యారని అన్సారులకు చెందిన ఒక వ్యక్తి చెప్పినట్లు బుఖారీలో ఉంది.

పిట్ట పోయినప్పుడు పసివాడి దుఃఖాన్ని ప్రవక్త (స) చిన్నచూపు చూడలేదు. పసివాడు పోయినప్పుడు ఆ తల్లి తన బిడ్డను అల్లాహ్ అప్పగింతగా గుర్తుచేసుకుంది. మన ఇంట్లో పిల్లవాడు చనిపోయిన కోడిపిల్ల కోసమో పిచ్చుక పిల్ల కోసమో ఏడిస్తే, దానికి కూడా ఏడుస్తారా అని కసురుకుంటాం. అలా కసురుకోకండి. దుఃఖంలో ఉన్నవాణ్ణి ఎలా పలకరించాలో ఆ పిల్లవాడు అప్పుడే మన దగ్గర నేర్చుకుంటాడు.

స్వర్గపు పిచ్చుక

పసితనంలో పోయిన బిడ్డకు పిచ్చుక పేరు పెట్టిన సందర్భం ఒకటి సహీహ్ ముస్లింలో ఉంది. అన్సారుల బిడ్డ ఒకడు చనిపోతే జనాజాకు ప్రవక్త (స)ను పిలిచారు. హజ్రత్ ఆయిషా (ర) ఆ బిడ్డ ఎంత అదృష్టవంతుడో అని, స్వర్గపు పిచ్చుకల్లో వాడొక పిచ్చుక అని అన్నారు. ఏ పాపమూ చేయలేదు, పాపం చేసే వయసే రాలేదు అన్నది ఆమె ఉద్దేశం. ప్రవక్త (స) ఆమెను సవరించారు. ఎవరు ఎక్కడికి చెందుతారో అల్లాహ్ ముందే నిర్ణయించాడని, మనం తొందరపడి తీర్పు చెప్పరాదని బోధించారు.

ఈ హదీసు చదివి కొందరు తల్లులు బెంగపడతారు. వారు దిగులు పడనవసరం లేదు. పసితనంలో మరణించిన ముస్లింల పిల్లలు స్వర్గంలోనే ఉంటారన్నది ప్రముఖ ధర్మపండితుల అభిప్రాయమని ఇమామ్ నవవీ (రహ్మ) వివరించారు. ప్రవక్త (స) సవరించింది నిర్ధారణగా చెప్పడంలో ఉన్న తొందరపాటునే. ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకుని ఓర్చుకున్న తల్లికి ఆ పిల్లలు నరకాగ్ని నుంచి అడ్డుగోడ అవుతారని ప్రవక్త (స) స్త్రీలకు శుభవార్త చెప్పారు. ఇద్దరైతే అని ఒక స్త్రీ అడిగితే, ఇద్దరైనా అంతేనన్నారు. ఇది బుఖారీ, ముస్లింలలో ఉంది.

హజ్రత్ ఆయిషా (ర) మాటలోని ప్రేమను గమనించండి. బరువు లేనిది, భయం లేనిది, ఎగిరిపోయేది ఏదని వెతికితే ఆమె మనసుకు తట్టింది పిచ్చుకే.

అకారణంగా చంపితే

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (ర) ఉల్లేఖించిన హదీసు నసాయీలో ఉంది. పిచ్చుకనైనా, అంతకంటే పెద్ద ప్రాణినైనా హక్కు లేకుండా చంపినవాణ్ణి అల్లాహ్ దాని గురించి ప్రశ్నిస్తాడని ప్రవక్త (స) హెచ్చరించారు. దాని హక్కు ఏమిటని సహచరులు అడిగారు. జిబహ్ చేసి తినాలి, అంతేకాని తల తుంచి పారేయకూడదని ఆయన చెప్పారు.

ఈ హదీసును సరిగ్గా అర్థం చేసుకోవాలి. పిచ్చుక మాంసం హరామ్ కాదు. ఆకలికి తినడం వేరు, సరదాకు చంపడం వేరు. ఉండేలు పట్టుకుని గురి చూసుకోవడానికి పిట్టను కొట్టి, అది కింద పడ్డాక అక్కడే వదిలేసి పోవడం రెండో రకం. దాన్ని మనం పిల్లల ఆట అంటాం. హదీసు దాన్ని విచారణలో అడిగే ప్రశ్నల్లో చేర్చింది.

మరో సంఘటన చూడండి. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (ర) చెప్పగా అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఒక ప్రయాణంలో సహచరులు పిచ్చుకను పోలిన చిన్న పిట్టను, దాని రెండు పిల్లల్ని చూశారు. పిల్లల్ని తీసుకున్నారు. తల్లి పిట్ట వచ్చి రెక్కలు కొట్టుకుంటూ వారి చుట్టూ తిరగసాగింది. ప్రవక్త (స) అది చూసి, పిల్లల్ని లాక్కుని దీనిని ఎవరు బాధపెట్టారని అడిగి, వాటిని తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. ఆ తల్లి ఏమీ మాట్లాడలేదు, మాట్లాడలేదు కూడా. రెక్కలు కొట్టుకోవడమే దాని ఫిర్యాదు. ఆ ఫిర్యాదును అల్లాహ్ ప్రవక్త విన్నారు, న్యాయం చేశారు.

మన దేశంలో పక్షుల గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన వ్యక్తిగా పేరుపొందిన డాక్టర్ సలీం అలీ జీవితాన్ని మలుపు తిప్పింది ఒక పిచ్చుకే. 1896లో బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టిన ఆయన చిన్నతనంలో బొమ్మ తుపాకీలాంటి ఎయిర్‌గన్‌తో పిచ్చుకలు కొట్టేవారు. ఒకరోజు పడిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇలాంటిది తినడం హలాలేనా అన్న సందేహం ఆ పిల్లవాడికి వచ్చింది. ఆ పక్షిని మామయ్యకు చూపించాడు. అది ఏ పక్షో తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిల్లవాడికి పక్షుల ప్రపంచాన్ని పరిచయం చేశారు. అలా మొదలైన ఆసక్తి జీవితాంతం సాగింది. 1930ల తొలి సంవత్సరాల్లో ఆయన మన హైదరాబాదు సంస్థానపు పక్షులను కూడా సర్వే చేశారు. 1985లో వచ్చిన ఆత్మకథకు ఒక పిచ్చుక నేలరాలడం అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు. 1987లో మరణించారు.

ఆ పేరు వెనుక ఇంజీల్‌గా క్రైస్తవులు చదివే గ్రంథంలోని ఒక భావం ఉంది. దైవానికి తెలియకుండా ఒక్క పిచ్చుక కూడా నేల రాలదన్నది ఆ భావం. ఆయనకు తెలియకుండా ఒక్క ఆకు కూడా రాలదని మన ఖుర్ఆన్ (అల్ అన్ఆమ్ - 59) చెబుతోంది. హలాలా, హరామా అని ఒక పిల్లవాడు ఒక క్షణం ఆగి అడిగిన ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్ళిందో చూడండి. మన పిల్లలకు కూడా ఆ ఆగడం నేర్పుదాం.

ఆకలితో వెళ్ళి కడుపు నిండి వచ్చే పక్షి

మీరు అల్లాహ్‌పై నమ్మకం ఉంచవలసిన విధంగా ఉంచితే, పక్షులకు ఇచ్చినట్లే మీకూ ఉపాధినిస్తాడని, అవి ఉదయం ఖాళీ కడుపుతో వెళ్ళి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివస్తాయని ప్రవక్త (స) చెప్పారు. హజ్రత్ ఉమర్ (ర) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీ, ఇబ్నె మాజాలలో ఉంది.

ఈ హదీసును తాడిపత్రిలాంటి చోట చదివితే దాని బరువు తెలుస్తుంది. పెన్న ఒడ్డున ఊరు ఉంది కాని, ఏడాదిలో ఎక్కువ కాలం ఆ నదిలో ఇసుకే కనిపిస్తుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. అదీ సకాలంలో పడితే పంట, లేకపోతే అప్పు. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూసే రైతు, బండల పాలిష్ యూనిట్లో రాతిపొడి పీలుస్తూ రోజుకూలి చేసే కార్మికుడు, కరువు వస్తే బెంగళూరు బస్సెక్కే కుటుంబం. వీరికి తవక్కుల్ అంటే ఏమిటి?

మొదటి మాట. పక్షి గూట్లో కూర్చోలేదు. బయలుదేరింది. ఇంట్లోనో మసీదులోనో కూర్చుని నా ఉపాధి నా దగ్గరికే వస్తుందనేవాడి గురించి ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ)ను అడిగితే, ఆయన ఈ హదీసునే గుర్తుచేసి అలాంటివాడికి ధర్మజ్ఞానం లేదన్నారని గ్రంథాల్లో ఉంది. వెళ్ళడం పక్షి పని. నింపడం ప్రభువు పని.

రెండో మాట. పక్షి రేపటి మూటను వీపు మీద మోసుకుని తిరగదు. తమ ఉపాధిని మోసుకుని తిరగని ప్రాణులు ఎన్నో ఉన్నాయని, వాటికీ మీకూ అల్లాహ్‌యే ఆహారమిస్తాడని ఖుర్ఆన్ (అల్ అన్కబూత్ - 60) ధైర్యం చెబుతోంది. పంట పోయిన రైతుకు అప్పులవాడి మాటలు వినలేక, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంది. సోదరులారా, ఆ ప్రాణం మనది కాదు. ఉమ్ము సులైమ్ (ర) చెప్పినట్లు అది అప్పగింత. ఇచ్చినవాడు అడిగే వరకు దాన్ని కాపాడాలి. ఒక్క సీజను ముగిసినంత మాత్రాన ప్రభువు ఖజానా ఖాళీ అయిపోదు.

మూడో మాట మనలో కాస్త కలిగినవారికి. సాయంత్రం ఖాళీ కడుపుతో తిరిగివచ్చిన మనిషిని చూసి వీడికి దైవంపై నమ్మకం చాలలేదని అనకండి. బహుశా అతని వంతు గింజలు మీ ఇంటి వసారాలో చల్లమని అల్లాహ్ మీకే ఇచ్చి ఉంటాడు. కరువు ఏడాదిలో జకాత్ లెక్కించి ముందుగా ఇవ్వడం, వడ్డీ లేని చేబదులు ఇవ్వడం, తీర్చలేని వాడికి గడువు ఇవ్వడం ఆ గింజలే. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తుడికి వెసులుబాటు దొరికే వరకు గడువివ్వాలని ఖుర్ఆన్ (అల్ బఖర - 280) ఆదేశిస్తోంది. మాఫీ చేయడం ఇంకా మేలని అదే ఆయత్ చెబుతోంది.

మన ఇళ్ళలో చోటెందుకు తగ్గింది?

రాయలసీమలో మట్టిమిద్దెలు ఉన్నన్నాళ్ళూ పిచ్చుకకు ఇంటి కొరత లేదు. గోడలో సందు, దూలానికీ దంతెలకూ మధ్య ఖాళీ, దీపం పెట్టే గూడు, ఏదైనా దానికి సరిపోయేది. కల్లంలో కొర్ర, జొన్న, సజ్జ నూర్చితే రాలిన గింజలు దొరికేవి. ఇప్పుడు సిమెంటు స్లాబు, నున్నగా పూసిన గోడ, అద్దాల కిటికీ. సందన్నది లేదు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో చిరుధాన్యాల చేలను వేరుశనగ ఆక్రమించింది. మట్టి కింద, పెంకులో ఉండే కాయ పిచ్చుక ముక్కుకు అందేది కాదు. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తిన్నా, పిల్లలకు మాత్రం మెత్తటి పురుగులే పెడుతుంది. మందులు చల్లి పురుగులన్నిటినీ చంపేస్తే ఆ పిల్లలు బ్రతకవు.

ఉన్నదానికంటే ఎక్కువ చెప్పడం కూడా సరికాదు. మన దేశంలో పక్షుల స్థితిగతులపై 2020లో వచ్చిన నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలకడగానే ఉంది. హైదరాబాదుతో సహా మహానగరాల్లో మాత్రం అవి తగ్గుతున్నాయి. సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయని సినిమాల్లో చూపించినా, అది రుజువు కాలేదు. గూటికి చోటు, పిల్లలకు పురుగులు లేకపోవడమే ప్రధాన కారణాలుగా పరిశీలకులు చెబుతున్నారు. అంటే తగ్గించింది మన కట్టుబడి, మన అలవాట్లు. మార్చుకోగలిగింది కూడా మనమే.

పిచ్చుకను పురుగులా చూసినవారికి ఏమైందో చరిత్రలో ఉంది. చైనాలో 1958లో ధాన్యం తింటున్నాయని పిచ్చుకలను వెంటాడి చంపారు. పిచ్చుకలు పోయాక పంటను తినే పురుగులు విజృంభించాయి. 1960లో ఆ జాబితాలోంచి పిచ్చుకను తీసేసి నల్లులను చేర్చారు. అప్పటికే ఆ దేశం ఘోర కరువులో ఉంది. కరువుకు ఇతర కారణాలు కూడా ఎన్నో ఉన్నా, ఈ పనీ అందులో పాలు పంచుకుంది. సృష్టిలోని తూకాన్ని చెడగొట్టవద్దని సూరె రహ్మాన్‌లో అల్లాహ్ హెచ్చరించాడు.

దీనికి భిన్నంగా ఉస్మానీ తుర్కులు ఏం చేశారో చూడండి. ఇస్తాంబుల్‌లోని మసీదుల బయటి గోడలకు పక్షుల కోసం చిన్న చిన్న రాతి ఇళ్ళు చెక్కించారు. వాటికి కిటికీలు, గుమ్మటాలు కూడా ఉంటాయి. వాటిని పిచ్చుకల సౌధాలు అనేవారు. ఉస్కుదార్‌లో 1760లో పూర్తయిన అయాజ్మా మసీదు గోడల మీద అవి ఇప్పటికీ ఉన్నాయి. మన దేశంలో నాసిక్‌కు చెందిన మహమ్మద్ దిలావర్ పిచ్చుకల కోసం చేసిన కృషి వల్ల 2010 నుంచి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా జరుపుకుంటున్నారు. ఒక రోజు జరుపుకుని ఊరుకుంటే చాలదు. మన ధర్మంలో ఈ బాధ్యత ఏడాది పొడవునా ఉంటుంది.

మసీదులో గూడు కనిపిస్తే

మసీదు శుభ్రం చేసేటప్పుడు, రంగులు వేసేటప్పుడు ఈ ప్రశ్న వస్తూ ఉంటుంది. పిచ్చుక గూళ్ళ వల్ల గడ్డి రాలుతోంది, రెట్టలు పడుతున్నాయి, నమాజుకు ఇబ్బంది, తీసేద్దామా అని. హనఫీ మదరసాల్లో చదివించే హిదాయా గ్రంథంలో ఇమామ్ మర్గీనానీ (రహ్మ) దీనికి దారి చూపించారు. పావురం రెట్ట గాని, పిచ్చుక రెట్ట గాని బావిలో పడితే నీరు చెడదని చెప్పారు. మసీదుల్లో పావురాలు ఉండటాన్ని ముస్లింలందరూ అంగీకరిస్తూ వచ్చారన్నది ఆయన చూపిన ఆధారం. ఇమామ్ షాఫయీ (రహ్మ) అభిప్రాయం దీనికి భిన్నం. మసీదును పరిశుభ్రంగా ఉంచాలనడంలో మాత్రం ఎవరికీ భేదం లేదు. కాబట్టి రెట్టను తుడవండి, గూడు కింద ఒక అట్ట పెట్టండి, జానిమాజ్ రెండడుగులు పక్కకు జరపండి. గూట్లో గుడ్లు, పిల్లలు ఉండగా దాన్ని లాగి పారేయకండి. ప్రయాణంలో పిల్లల్ని తిరిగి ఇప్పించిన ప్రవక్త (స) అనుచరులం మనం. తప్పనిసరిగా తీయవలసి వస్తే పిల్లలు ఎగిరిపోయే వరకు రెండు మూడు వారాలు ఆగండి.

అల్లాహ్ కోసం ఖతా అనే ఎడారి పక్షి గూడంత మసీదు కట్టినా స్వర్గంలో ఇల్లు కడతాడని ఇబ్నె మాజాలోని హదీసు శుభవార్త ఇస్తోంది. మన చందా ఎంత చిన్నదైనా ఫర్వాలేదని చెప్పడానికి ప్రవక్త (స) పక్షి గూటిని పోలికగా తీసుకున్నారు. అలాంటి మసీదులో పక్షి గూటికి చోటు లేకపోతే ఎలా?

ఇంట్లో చేయగలిగిన పనులు చాలా చిన్నవి. ఎండాకాలం మిద్దె మీద నీడలో ఒక మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి రోజూ మార్చండి. ఆ పని ఇంట్లోని చిన్న పిల్లలకు అప్పగించండి. బియ్యంలో ఏరిన నూకలు, కొర్రల తాలు చెత్తబుట్టలో వేయకుండా గోడ మీద చల్లండి. కొత్త ఇల్లు కట్టేటప్పుడు చూరు కింద ఒక చెక్కపెట్టె బిగించండి, లేదా రెండు ఇటుకల మధ్య ఒక సందు వదలండి. వాకిట్లో ఒక వేప, ఒక గోరింట నాటండి. ముస్లిం నాటిన చెట్టు నుంచి పక్షి తిన్నా, మనిషి తిన్నా, జంతువు తిన్నా అది అతనికి దానంగా రాయబడుతుందని హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. కరువు సీమలో చెట్టు నాటడం కష్టమే. అందుకే దాని ప్రతిఫలం కూడా ఆశించదగ్గదే. పిల్లల చేతిలో ఉండేలు కనిపిస్తే కోప్పడి లాక్కోకుండా, పక్కన కూర్చోబెట్టుకుని అబూ ఉమైర్ కథ చెప్పండి.

ఫజ్ర్ అజాన్‌కు కాస్త అటూ ఇటూగా పిచ్చుకలు కిచకిచలాడటం మొదలుపెడతాయి. ఆకాశాల్లోను, భూమిలోను ఉన్నవన్నీ, రెక్కలు చాచిన పక్షులు కూడా అల్లాహ్ పవిత్రతను కొనియాడుతున్నాయని, ప్రతిదానికీ తన ప్రార్థన ఏదో తెలుసని ఖుర్ఆన్ (అన్నూర్ - 41) చెబుతోంది. మనం దుప్పటి ముసుగేసుకుని పడుకున్న వేళ మన చూరు కింద ఒక సముదాయం తన ప్రార్థన ముగించుకుని, ఖాళీ కడుపుతో ఉపాధి వెతుక్కుంటూ బయలుదేరుతుంది.

ఓ అల్లాహ్! మా కంటికి చిన్నదిగా కనిపించే దేనినీ చిన్నచూపు చూడని హృదయాలను మాకు ప్రసాదించు. నీపై పక్షులకున్న నమ్మకాన్ని మాకూ ఇవ్వు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులకు ఉమ్ము సులైమ్ (ర) ఓర్పును అనుగ్రహించు. అప్పుల్లో, ఆకలిలో ఉన్న మా సోదరులకు హలాలైన ఉపాధి మార్గాలు తెరువు, వారికి అండగా నిలిచే భాగ్యం మాకు కలిగించు. మా ఎండిన నేలల మీద మేలైన వాన కురిపించు. విచారణ రోజున ఒక పిచ్చుక విషయంలో కూడా మమ్మల్ని దోషులుగా నిలబెట్టకు. ఆమీన్.